దేవన్న చెవులు, ఏడో అంతస్తు

జెద్దాలో పద్నాలుగేళ్ళుగా ఏసీ మెకానిక్కు పని చేస్తున్న దేవన్నకు దాచుకోవలసిన రహస్యాలు పెద్దగా లేవు. ఉన్నా దాచుకోవడం అతని వల్ల కాదు. సంతోషం కలిగితే అతని చెవులు కదులుతాయి. కొంచెం అదిరి ఊరుకోవడం కాదు, ఈగలు వాలిన గేదె చెవుల్లా రెండూ ఒకేసారి ముందుకీ వెనక్కీ ఊగుతాయి. ఆపుదామని పళ్ళు బిగిస్తే ఇంకా జోరందుకుంటాయి.

జగిత్యాల దగ్గర వాళ్ళ ఊళ్ళో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. పెళ్ళిచూపుల్లో ముత్యవ్వను చూసి దేవన్న ఒక్క మాటా మాట్లాడలేదు. పిల్ల నచ్చిందా అని పెద్దమనుషులు అడగబోతుంటే ముత్యవ్వ మేనమామ అడ్డుపడి, "అడుగుడెందుకుల్లా, చెవులు సూడుండ్రి" అన్నాడట. ఇక పెళ్ళిళ్ళలో మగవాళ్ళు పేకాటకు కూర్చుంటే దేవన్నకు జరిగే మర్యాద ఇంతా అంతా కాదు. పెళ్ళికొడుకు కన్నా ముందు అతనికే చాప పడేది. చెవులు ఊగితే అందరూ ముక్కలు పడేసేవారు, ఊగకపోతే అందరూ పందెం పెంచేవారు. ఇరవై ఏళ్ళలో అతను గెలిచిన ఆట ఒక్కటే. అదీ కరెంటు పోయినప్పుడు.

అలాగని దేవన్నకు ఆట రాదనుకుంటే పొరపాటు. ఏ ముక్క పడిపోయింది, ఏది ఇంకా బయటికి రాలేదు, ఎదుటివాడు ఎందుకు తటపటాయిస్తున్నాడు అన్నవి అతనికి ఇట్టే తెలిసిపోయేవి. ఏసీ మోత విని దాని జబ్బు చెప్పే మనిషికి అదేమంత కష్టం? బుర్ర చేసిన పనినంతా చెవులు పాడుచేసేవి, అంతే.

జెద్దాలో అతని బస బలద్ బస్తీలో, పాత మేడ మూడో అంతస్తులో. ఒక గదిలో నాలుగు మంచాలు. పక్క మంచం స్వామిది. స్వామిది నిర్మల్ వైపు, రంగులు వేసే పని. ఏ పనికైనా ముందు దూకి, తరువాత అదేం పనో తెలుసుకునే రకం. ఎండాకాలం మూడు నెలలూ మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఎండలో పని చేయించకూడదని ఇక్కడ సర్కారు నియమం. ఆ మూడు గంటలూ మేడల మీది ఏసీలను వాటి ఖర్మానికి వదిలేసి దేవన్న గదికి వచ్చి పడుకునేవాడు. నిరుడు జూన్‌లో ఒకరోజు అలా పడుకుని ఉండగా స్వామి ఫోను తెచ్చి అతని ముఖం ముందు పెట్టాడు.

"అన్నా, గిది సూడు. పోకర్ మహల్. దునియాల ఉన్నోళ్ళందరు ఆడుతరు."

దేవన్న ఫోనును తేలును చూసినట్టు చూశాడు. "పైసలాటనా? వొద్దురా బై. వీసా ఇచ్చిన ఖఫీలుకు తెలిస్తే మనల్ని ఇంటికి తోలిస్తడు."

"పైసల్లేవే. ఉట్టి బిళ్ళలు. పొద్దుగాల లేవంగనే వాడే పదివేల బిళ్ళలిస్తడు. గెల్సినా బిళ్ళలే, ఓడినా బిళ్ళలే. దాంతోని ఛాయ్ గూడ రాదు."

"మరి ఎందుకు ఆడుడు?"

స్వామి ఎందుకన్నది వదిలేశాడు. ఆట ఎలా ఆడాలో మాత్రం చెప్పాడు. ఒక్కొక్కరికి రెండు ముక్కలు పంచుతారు, అవి ఎవరికి వాళ్ళే చూసుకోవాలి. బల్ల మధ్యన అందరికీ కలిపి ఐదు ముక్కలు వరసగా తెరుస్తారు. ఈ ఏడింటిలో మంచివి ఐదు ఏరుకోవాలి. ముక్క ముక్కకూ పందెం పెంచవచ్చు. చేతిలో ఏమీ లేకపోయినా పెంచి ఎదుటివాణ్ణి బెదరగొట్టవచ్చు.

దేవన్న లేచి కూర్చున్నాడు. "నా మొఖం ఎవ్వలకన్న కనవడతదా?"

"కనవడది."

"చెవులు?"

"చెవులేంది అన్నా, నువ్వు మనిషివా పిల్లివా అన్నది గూడ వాళ్ళకు ఎరుకగాదు."

అప్పుడు దేవన్న చెవులు ఊగిన ఊపుకు తలగడ మీది తువ్వాలు జారి కిందపడిందని స్వామి ఇప్పటికీ చెబుతాడు.

మహల్‌లో ఏడు అంతస్తులున్నాయి. కింది అంతస్తులో ప్లాస్టిక్ కుర్చీలు, వంద బిళ్ళల పందెం. పైకి పోయేకొద్దీ కుర్చీలు మారతాయి, పందెం పెరుగుతుంది. ఏడో అంతస్తులో బంగారు కుర్చీలు, వెనకాల నీళ్ళు చిమ్మే ఫౌంటెన్, అక్కడ వారానికోసారి పెద్ద ఆట గెలిచినవాళ్ళకు కిరీటం. ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకు పోవాలంటే తెర మీద లిఫ్టు వచ్చి, టింగుమని గంట కొట్టి, తలుపులు తెరుచుకుంటాయి. తామున్న మేడలో నాలుగేళ్ళుగా లిఫ్టు పనిచేయడం లేదు కాబట్టి దేవన్నకు అది చూస్తేనే సగం సంతోషం.

అతను ఏ పేరుతో చేరాడంటే, 'ఏసీ దేవన్న జెద్దా'. ఎవరికీ ఏమీ తెలియకూడదని కదా ఇందులో దిగింది అని స్వామి మొత్తుకున్నా వినలేదు. "పేరు దాసుకుంటనికి నేనేమన్న దొంగనా?" అన్నాడు.

పైకి ఎక్కడానికి దేవన్న ఒక పద్ధతి పెట్టుకున్నాడు. పై అంతస్తులో కూర్చోవడానికి ఎన్ని బిళ్ళలు కావాలో అంతకు ఇరవై రెట్లు చేతిలో ఉంటేనే లిఫ్టు ఎక్కాలి. అవి సగానికి పడిపోతే మారుమాట్లాడకుండా కింది అంతస్తుకు దిగాలి. మెకానిక్కు బుద్ధి మరి. పైన ఎంత పనున్నా నిచ్చెన కింద గట్టిగా ఉందో లేదో చూసుకోందే కాలు పెట్టడు. స్వామికి ఇది నచ్చలేదు. ఉన్న బిళ్ళలన్నీ మూటగట్టుకుని ఒకేసారి ఐదో అంతస్తుకు ఎక్కాడు. టింగుమన్నాక సరిగ్గా నాలుగు నిమిషాలకు మళ్ళీ టింగుమంది.

"ఏమైందిరా?" అన్నాడు దేవన్న.

"కుర్చీలు మంచిగున్నయ్ అన్నా," అన్నాడు స్వామి.

అంతస్తులు ఎక్కుతుంటే దేవన్నకు మనుషుల తీరు తెలిసివచ్చింది. కింద ఆడేవాళ్ళు తమ చేతిలోని ముక్కలు తప్ప వేరే లోకం చూడరు. వాళ్ళను బెదిరించి లాభం లేదు, బెదరాలన్న సంగతే వాళ్ళకు తట్టదు. మూడో అంతస్తులో వాళ్ళు, నీ చేతిలో ఏమున్నాయా అని ఆలోచిస్తారు. ఐదో అంతస్తుకు పోతే, వాళ్ళ చేతిలో ఏమున్నాయని నువ్వు అనుకుంటున్నావో దాన్ని గురించి ఆలోచిస్తారు. "మీదికి వోయినకొద్ది మనుషులకు సోంచాయింపు ఎక్కువైతాందిరా స్వామీ. ఇంకో రెండంతస్తులైతే నిద్రలు గూడ పోరు" అన్నాడు దేవన్న.

పక్క గదిలో ఉండే ఫోర్మన్ బాబావలిది కడప. నమాజు తప్పని మనిషి. మొదటిసారి ఫోనులో ముక్కలు చూసినప్పుడు గట్టిగానే కసిరాడు. "ఏమబ్బా దేవన్నా, ఈ వయసులో ఏంటికిదంతా? దుడ్లు పెడతాండారా దీంట్లో?"

"లేదు సాబ్, ఉట్టి బిళ్ళలు."

"దుడ్లు లేకుంటే నాకేం పన్లే. అయినా ముక్కలు ముక్కలే. నేనైతే చూడను" అని అటు తిరిగి నిలబడ్డాడు. అటు తిరిగే, "ఎన్నో మిద్దె ఎక్కినావు?" అని అడిగాడు. ఆ రోజు మొదలు బాబావలి రోజూ గదికి వచ్చేవాడు, గోడవైపు తిరిగి నిలబడేవాడు, ఏమైందో అడిగి తెలుసుకుని పోయేవాడు.

ఏడాది తిరిగేసరికి దేవన్న ఆరో అంతస్తులో పాతకాపైపోయాడు. ఈ ఏడు జూన్‌లో ఒక మధ్యాహ్నం లెక్క చూసుకుంటే ఇరవై రెట్లు నిండాయి. గదంతా మంచం చుట్టూ చేరింది. బాబావలి గోడవైపు తిరిగాడు. దేవన్న లిఫ్టు నొక్కాడు. టింగుమని తలుపులు తెరుచుకునే బదులు ఒక ప్రకటన వచ్చింది. ఏడో అంతస్తులో రెండు ఫోన్లతో మోసం చేసేవాళ్ళు ఎక్కువయ్యారు కాబట్టి అక్కడ ఆడేవాళ్ళు కెమెరా, మైకు తెరిచి ఉంచాలి.

గదిలో అందరూ దేవన్న చెవులవైపు చూశారు.

రెండు రోజులు దేవన్నకు అన్నం సయించలేదు. రాత్రి ముత్యవ్వ ఫోను చేసి, "ఏమైందయ్యా, గొంతు గట్లున్నది?" అంటే విషయం చెప్పాడు. ముత్యవ్వ అంతా విని, "ఏడంతస్తులు ఎక్కితే ఏమిస్తరు?" అంది.

"కిరీటం."

"బంగారుదా?"

"ఫోన్లనే ఉంటదే. తీసుడు రాదు."

ముత్యవ్వ, "జర మజ్జిగ తాగి పండుకో" అంది.

ఉపాయం స్వామికే తోచింది. రాగి గొట్టాలకు చుట్టే నల్ల టేపు తెచ్చి దేవన్న రెండు చెవులనూ తలకు కలిపి గట్టిగా అంటించాడు. తరువాత పరీక్ష పెట్టాడు. "అన్నా, నిన్ను వచ్చే నెల సెలవు మీద ఇంటికి పంపుతున్నరట, టికెట్టు గూడ కంపెనీదేనట!" అబద్ధమని తెలిసి కూడా చెవులు ఆగలేదు. టేపు పటపటమని ఊడింది. దాంతో పాటు కణతల మీది వెంట్రుకలు కొన్ని పోయాయి. దేవన్న పెట్టిన కేకకు కింది బఖాలా కొట్టువాడు పైకి చూశాడు.

చివరికి పని చేసింది గుత్రా. మేడల మీద ఎండకు తలకు చుట్టుకునే ఎర్ర గళ్ళ గుడ్డే. దాన్ని రెండు చెవుల మీదుగా బిగించి చుట్టి, గడ్డం కింద ముడివేసి, స్వామి మళ్ళీ టికెట్టు సంగతి చెప్పాడు. గుడ్డ లోపల ఏదో కోడిపిల్ల మెదిలినట్టు అనిపించింది కానీ బయటికి కనబడలేదు. బాబావలి ఒక్కసారి ఇటు తిరిగి చూసి, "ఏం షేక్‌సాబ్, బాగుండావే!" అని మళ్ళీ గోడవైపు తిరిగాడు.

ఏడో అంతస్తు బల్ల దగ్గర రోజూ దాదాపు ఆ నలుగురే ఉండేవారు. ఒకరు దుబాయిలో ఉండే ఈజిప్టు ఇంజనీరు, చెంపల దాకా మీసాలు. ఒకరు ఓడ మీద పనిచేసే ఫిలిప్పీన్స్ ఆయన, వెనకాల ఎప్పుడూ సముద్రం ఊగుతూ ఉంటుంది. మూడోవారు 'జాయ్ హాయిల్' అనే పేరుతో ఆడే ఆవిడ. ఆమె ఫోను ఎలా పెట్టుకునేదో కానీ తెర మీద నుదురు, దాని పైన తిరిగే ఫ్యాను తప్ప ఏమీ కనబడేవి కావు. నాలుగోవాడు గుత్రా చుట్టుకున్న దేవన్న.

మొదటి రోజే దేవన్నకు ఒక విచిత్రం కనిపించింది. ఇంజనీరు మీద గెలుస్తున్నాడు. ఓడ ఆయన మీద గెలుస్తున్నాడు. నుదురు మీద మాత్రం ఒక్క ఆటా గెలవడం లేదు. మంచి ముక్కలు వచ్చి కొంచెంగా పందెం పెంచితే నుదురు చప్పున ముక్కలు పడేస్తుంది. చేతిలో ఏమీ లేక బెదిరించాలని చూస్తే నుదురు రెట్టింపు చేస్తుంది. ఏడు రోజుల్లో అతని బిళ్ళలు సగానికి పడ్డాయి. నియమం నియమమే. దేవన్న లిఫ్టు దిగాడు. దిగేటప్పుడు వాయించే ఏడుపు పాటను అతను తన ఫోనులో మొదటిసారి విన్నాడు.

"చేతబడా ఏంది అన్నా?" అన్నాడు స్వామి.

"గుడ్డ కట్టంగ గూడ నుదురుకు ఎట్ల ఎరుకైతాందిరా?" అని దేవన్న అద్దం ముందు గుత్రాను పది రకాలుగా కట్టి చూసుకున్నాడు.

ఆరో అంతస్తులో మూడు వారాలు కష్టపడి మళ్ళీ ఏడుకు ఎక్కాడు. కూర్చుని ఇంకా ముక్కలు పంచకముందే ఫోనులో నుంచి తెలుగు వినబడింది.

"బాబాయ్ గారూ, ఒక్క మాటండి."

దేవన్న గుమ్మంవైపు చూశాడు. స్వామి మంచం కింద చూశాడు.

"ఇటండి. నేనేనండి, జాయ్‌ని. జాయ్సీ అండి నా పేరు. హాయిల్‌లో నర్సునండి, మాది అమలాపురం. మీకో విషయం చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదండి. ప్రార్థన చేసుకుంటుంటే మీ మొహమే అడ్డమొస్తోంది. మీరు మైకు తెరిచుందని మర్చిపోతున్నారండి."

"అంటే?"

"మీ ముక్కలన్నీ పైకి అనేసుకుంటున్నారండి బాబూ! 'అబ్బ, ఆసుల జత! నిదానం దేవన్నా, ఎక్కువ వెంచకు, పారిపోతరు' అంటారు. ఇంకోసారి, 'చేతుల ఏం లేదు, ఉట్టిగనే బెదిరిస్తున్న, దేవుడా నువ్వే దిక్కు' అంటారు. మిగతా ఇద్దరికీ తెలుగు రాదు కాబట్టి సరిపోయిందండి. నేనేం చెయ్యను? చెవులు మూసుకుని ఆడలేను కదండి!"

దేవన్న స్వామివైపు తిరిగాడు. "నిజమేనారా? నేను మాట్లాడుతనా?"

"మాట్లాడుతవ్ గదా అన్నా. పద్నాలుగేండ్ల సంది మాట్లాడుతనే ఉన్నవ్. మేడల మీద ఒక్కనివే పనిచేసి అలవాటైంది. మేము ఇనుడు బంద్ చేసి శాన ఏండ్లైంది."

దేవన్నకు కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు. చివరికి, "ఏమమ్మా, వారం దినాలు ఇనుకుంట కూసున్నవా?" అన్నాడు.

"తప్పేనండి. మొదటి రోజే చెబుదామనుకున్నాను. కానీ మీరు అంత బాగా అంటుంటే వినబుద్ధయిందండి. ఒకసారైతే ఇస్పేటు రాణిని పట్టుకుని 'రా బిడ్డా, రా, నీకు పుణ్యముంటది' అని బతిమాలుకున్నారు. నేను నవ్వలేక చచ్చానండి."

దేవన్న నవ్వేశాడు. గుత్రా లోపల కోడిపిల్ల మెదిలింది. మరునాటి నుంచి అతను ఆటకు కూర్చునే ముందు ఒక ఖుబ్బూస్ రొట్టెను నాలుగు మడతలు పెట్టి నోట్లో కుక్కుకునేవాడు. తలకు గుడ్డ, నోటికి రొట్టె. పలకరిస్తే చెయ్యి ఊపడమే. జాయ్సీ నిజాయితీగా ఆడేది, దేవన్న కూడా నిజాయితీగానే ఆడేవాడు. ఇద్దరూ ఒకరినొకరు ఓడించుకుంటూ ఉండేవారు. ఆట అయ్యాక మాత్రం జాయ్సీ, "బాబాయ్ గారూ, రొట్టె తీసెయ్యండి, దవడలు నొప్పెడతాయి" అని గుర్తుచేసేది.

ఆగస్టులో ఒక శుక్రవారం మధ్యాహ్నం కిరీటం ఆట పడింది. అందరి బిళ్ళలూ ఒకచోట చేరి చివరికి ఒక్కరే మిగిలే ఆట. జుమ్మా నమాజు ముగించుకుని బాబావలి కూడా వచ్చి గోడవైపు నిలబడ్డాడు. ఆట మొదలైన పావుగంటకు గదిలో ఏసీ ఢబ్బుమని ఆగిపోయింది. బయట నలభై నాలుగు డిగ్రీలు, సముద్రపు ఉక్క. ఏం పోయిందో దేవన్న మోత విని అప్పుడే కనిపెట్టాడు. కెపాసిటర్ పోయింది. కొత్తది తేవాలంటే కొట్లు సాయంత్రం కానీ తెరవరు. తెరిచినా ఇప్పుడు లేచే వీలు లేదు.

అరగంట ఓర్చుకున్నాడు. గుత్రా తడిసి చెమట కళ్ళలోకి కారుతోంది. ముక్కలు కనబడడం లేదు. నోటినిండా రొట్టె, ఊపిరి ఆడడం లేదు. ముఖం కంది ముదురు ఎరుపుకు తిరిగింది. బాబావలికి భయం వేసి మొదటిసారి పూర్తిగా ఇటు తిరిగాడు. "ఆ గుడ్డ తియ్యబ్బా! చస్తావు! నేను కంపెనీకి ఏమని చెప్పుకునేది, పేకాటలో పోయినాడనా?" అని తానే ముడి విప్పి గుత్రా లాగి పడేశాడు.

సరిగ్గా అప్పుడే దేవన్నకు రెండు ముక్కలు వచ్చాయి. రెండూ ఎనిమిదులు.

బల్ల మీద మొదట మూడు ముక్కలు తెరుచుకున్నాయి. ఎనిమిది. ఎనిమిది. రాజు.

నాలుగు ఎనిమిదులు ఒకే చేతికి రావడం దేవన్న తన జన్మలో చూడలేదు. నోట్లో రొట్టె ఉంది కాబట్టి కేక రాలేదు. కేక లోపలే తిరిగి తిరిగి పోవడానికి ఇంకో దారి లేక చెవుల్లోకి పోయింది. నలభై ఆరేళ్ళ జీవితంలో అవి అలా ఎన్నడూ ఊగలేదు. తానే విసనకర్రలు తెచ్చి పెట్టుకున్నాడా అన్నట్టు ఊగాయి. స్వామి తల పట్టుకుని కింద కూర్చున్నాడు.

ఓడ ఆయన నోరు తెరుచుకుని చూసి ముక్కలు పడేశాడు. జాయ్సీ, "ఆయ్, నాకొద్దండి బాబూ" అని ఇంకా ముందే పడేసింది. ఈజిప్టు ఇంజనీరు మాత్రం పడేయలేదు. కళ్ళు చిన్నవి చేసి దేవన్న చెవులనే చూస్తూ ఉండిపోయాడు. ఇంకో రెండు ముక్కలు తెరుచుకున్నాయి, మూడు, రెండు, ఎవరికీ పనికిరానివి. దేవన్న ఉన్నదంతా ముందుకు తోశాడు. చెవులు ఊగుతూనే ఉన్నాయి.

ఇంజనీరు తనకొచ్చిన హిందీలో మాట్లాడడం మొదలుపెట్టాడు. అతను పన్నెండేళ్ళుగా ఈ ఆట ఆడుతున్నాడట. ఈ మనిషి వారాల తరబడి తల గుడ్డలో దాచుకుని కూర్చున్నాడు. ఇంత పెద్ద ఆటలో, ఇంత పెద్ద పందెం దగ్గర, కావాలని గుడ్డ తీసి చెవులు ఆడిస్తున్నాడు. ఎందుకు? మంచి ముక్కలు వచ్చాయని తాను భయపడి పారిపోవాలని! నిజంగా మంచి ముక్కలు వచ్చినవాడు ఎవడైనా చెవులు ఆడించి చెబుతాడా? అంత తెలివితక్కువవాడు ఏడో అంతస్తు దాకా వస్తాడా?

"నాటక్ హై, మేరే దోస్త్! బహుత్ అచ్ఛా నాటక్!" అని మీసం తిప్పి తన బిళ్ళలన్నీ తోసేశాడు. ముక్కలు తిప్పితే అతని దగ్గర ఉన్నది ఒక రాజు, ఒక ఆసు. అంతే.

దేవన్న నాలుగు ఎనిమిదులు తెర మీద పరుచుకున్నాయి. ఇంజనీరు మీసాలు వాలిపోయాయి. "అంటే, అవి నిజంగానే ఊగుతాయా?" అన్నాడు.

దేవన్న రొట్టె ఉమ్మేసి, "హా భాయ్, బచ్‌పన్ సే" అన్నాడు.

గదిలో వాళ్ళు వేసిన కేకలకు కింది బఖాలావాడు మెట్లెక్కి పైకి వచ్చాడు. బాబావలి మొదట అందరినీ కసిరి, తరువాత అందరికీ చల్లటి మజ్జిగ తెప్పించాడు. ఆ తరువాత అరగంట ఆడితే ఓడ ఆయన పడిపోయాడు. చివరికి దేవన్న, జాయ్సీ మిగిలారు. ఆమెకు అతని చెవుల మీద పూర్తి నమ్మకం, అవి ఊగినప్పుడల్లా పడేసింది. కానీ అప్పటికి దేవన్న బిళ్ళలు కొండంత పెరిగాయి, ఆమెవి గుప్పెడు మిగిలాయి. అవీ అయిపోయాక, "కిరీటం మీకే బాగుంటుందిలెండి బాబాయ్ గారూ. నా నుదురు మీద పెడితే ఫ్యానుకు తగులుతుంది" అంది.

కిరీటం వచ్చింది. తెర మీద కనబడే అతని తలకు ఎక్కి తళతళా మెరిసింది. దేవన్న దాని ఫొటో తీసి ముత్యవ్వకు పంపాడు. "మంచిగున్నది. చెవులు జర లోపటికి పెట్టుకోవాల్సింది" అని ఆమె జవాబు.

ఆ తరువాత ఏడో అంతస్తులో పెద్ద గందరగోళం మొదలైంది. ఏసీ దేవన్న చెవులు నిజమా, నాటకమా అన్నది అక్కడ తేలని తగువైంది. కొత్తగా వచ్చినవాళ్ళు చెవులు చూసి ముక్కలు పడేసేవారు. పాతవాళ్ళు అవి చూసే పందెం పెంచేవారు. ఇంజనీరు ఒకరోజు నిజమంటాడు, ఒకరోజు నాటకమంటాడు, రెండు రోజులూ ఓడిపోతాడు. దేవన్న గుత్రా మానేశాడు, రొట్టె మానేశాడు. పైకి మాట్లాడుకోవడం మాత్రం మానలేకపోయాడు. జాయ్సీ పాపం ఆ సమయంలో తన ఫోను చప్పుడు తగ్గించుకునేది.

చలికాలం వచ్చాక జాయ్సీ, ఆమె భర్త స్టాన్లీ చుట్టాలను విమానం ఎక్కించడానికి జెద్దాకు వచ్చారు. స్టాన్లీ హాయిల్‌లో ఒక కూరగాయల తోటలో లెక్కలు రాస్తాడు. శుక్రవారం మధ్యాహ్నం సముద్రం ఒడ్డున చేపల హోటల్లో కలుసుకుందామని మాట. దేవన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని స్వామినీ బాబావలినీ వెంటబెట్టుకుని వెళ్ళాడు. స్టాన్లీ ఒక బస్తాడు బంగాళాదుంపలు మోసుకొచ్చాడు. "మా తోటవేనండి. ఈవిడ ఈ మధ్య ఫోనులో ఎవరో బాబాయ్ గారంటే, ఊరి బాబాయ్ అనుకున్నానండి" అని నవ్వాడు.

వేయించిన చేప తింటూ జాయ్సీ వీడియోలో ముత్యవ్వతో మాట్లాడింది. అమలాపురం మాట ముత్యవ్వకు సగం అర్థం కాలేదు, జగిత్యాల మాట జాయ్సీకి సగం అర్థం కాలేదు. అయినా గంటసేపు మాట్లాడుకున్నారు. అందులో అరగంట జాయ్సీ ఏదో గీసి చూపిస్తూనే ఉంది. దేవన్న చేప ముళ్ళు తీసుకోవడంలో పడి పట్టించుకోలేదు.

వారం తరువాత దేవన్న ఒక మేడ మీద ఏసీ విప్పి కూర్చుని ఉండగా ముత్యవ్వ ఫోను వచ్చింది.

"ఏందే, ఈ యాల్లప్పుడు? అందరు మంచిగున్నరా?"

"మంచిగనే ఉన్నం గని, గిది చెప్పు. చేతుల రెండు రాణులున్నయ్. బల్ల మీద ఒక ఆసు వడ్డది. అవుతలోడు డబల్ వెట్టిండు. ఉండాల్నా, వారేయాల్నా?"

దేవన్న చేతిలోని స్పానర్ జారి ఏసీ లోపల పడింది. "నువ్వు ఎన్నడు మొదలువెట్టినవే?"

"ఆ నర్సు పిల్ల నేర్పింది. రెండో అంతస్తుల ఉన్న. జెల్ది చెప్పు, టైం అయిపోతాంది."

దేవన్న నుదురు తుడుచుకుని ఆలోచించాడు. అవతలివాడు ఎలాంటివాడు, అంతకుముందు ఎన్నిసార్లు పెంచాడు, ఆసు పడ్డప్పుడు ఎంతసేపు ఆగాడు, ఇవన్నీ ఒక్కొక్కటిగా అడగడం మొదలుపెట్టాడు. మూడో ప్రశ్న సగంలో ఉండగా ముత్యవ్వ, "ఏ, నువ్వు చెప్పేసరికి తెల్లారుతది, నేను ఉన్నదంత వెట్టిన" అని ఫోను పెట్టేసింది.